బంగారు రేణువు కణం లోపలికి వెళ్లిందని రుజువు చేయగలగాలి

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం. బంగారు నానో రేణువులతో క్యాన్సర్ కణాల్లోకి మందు పంపడంపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంటర్‌లో ఎంపీసీ. బయాలజీ రాకపోతే ఇబ్బందా?

జవాబు: ఎంపీసీ అడ్డు కాదండీ. మరిగే క్లోరోఆరిక్ ఆమ్లంలో (బంగారం ఉన్న ఆమ్లం) సిట్రేట్ కలిపి బంగారు నానో రేణువుల ఎర్రటి ద్రావణం తీయడం ఆమెకు ఒక పూట పని. చాలా ప్రాజెక్టులు అక్కడే ఆగిపోతాయి. అసలు చిక్కు ఆ తర్వాతే.

రేణువును ఎక్కువగా కణమే తన పొరతో చుట్టి లోపలికి లాక్కుంటుంది. ఇదే ఎండోసైటోసిస్. ఇందులో దారులు వేరు: క్లాత్రిన్ అనే ప్రొటీన్ తొడుగున్న గుంటలు, కేవియోలా అనే చిన్న పొర గుంటలు, ద్రవాన్ని పెద్ద గుటకలుగా మింగే మాక్రోపినోసైటోసిస్. 2006లో హీలా కణాలపై (ల్యాబుల్లో పెంచే ఒక రకం క్యాన్సర్ కణాలు) ప్రచురితమైన ప్రయోగంలో 14 నుంచి 100 నానోమీటర్ల బంగారు రేణువుల్లో 50 నానోమీటర్లవే ఎక్కువగా లోపలికి చేరాయి. ఆకారం, పైపూత, కణం రకం మారితే ఆ లెక్కా మారుతుంది. లోపలికి చేరాక రేణువు తరచూ లైసోజోమ్‌లో, అంటే కణం తనలోకి వచ్చినవాటిని జీర్ణం చేసే సంచిలో, చిక్కుకుంటుంది. అక్కడ ఆమ్లత్వం ఎక్కువ, పీహెచ్ సుమారు 4.5 నుంచి 5. ఆర్‌ఎన్‌ఏ లాంటి మందైతే ఎంజైములు దాన్ని ముక్కలు చేసేస్తాయి.

పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. కణాలను పెంచే ద్రవంలోని (మీడియం) ఉప్పుకి సిట్రేట్ పూత ఉన్న రేణువులు గుంపుకడతాయి. ద్రావణం కాంతిని పీల్చుకునే గ్రాఫులో 520 నానోమీటర్ల దగ్గరి శిఖరం కుడివైపు జరిగితే ఆ బ్యాచ్ వాడకూడదు. మీడియంలో కలిపే సీరంలోని ప్రొటీన్లు రేణువును కప్పేసి, క్యాన్సర్ కణాన్ని గుర్తించడానికి అతికించిన ఫోలేట్ (ఒక విటమిన్)ను మరుగుపరుస్తాయి. పొరకు అంటుకున్నది కూడా మైక్రోస్కోపులో లోపల ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ప్రయోగాన్ని 37 డిగ్రీల సెల్సియస్‌తో పాటు 4 డిగ్రీల దగ్గరా చేయాలి. చలిలో ఎండోసైటోసిస్ దాదాపు ఆగుతుంది కాబట్టి అప్పుడు మిగిలే సిగ్నల్ పైన అంటుకున్నదే. దారిని తేల్చడానికి క్లాత్రిన్ దారిని ఆపే క్లోర్‌ప్రోమజైన్ అనే మందు ఒక్కటీ వాడి క్లాత్రిన్ అని రాసేయడం తప్పు. అది వేరే దారులనూ దెబ్బతీస్తుంది. కణాలు బతికున్నాయా అని రంగును బట్టి చూసే ఎంటీటీ పరీక్షలో బంగారం కాంతిని పీల్చుకుని లెక్క తప్పిస్తుంది, అందుకే కణాలు లేకుండా రేణువులతోనే చేసే పోలిక పరీక్ష (కంట్రోల్) తప్పనిసరి.

కాబట్టి ఈ ఏడాదే ఏదైనా బయాలజీ ల్యాబులో సెల్ కల్చర్ (కణాలను పెంచడం), కణాల లెక్కింపు, కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు వాడకం నేర్చుకోమనండి. సీఎస్‌ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్, గేట్ కెమిస్ట్రీ రెండూ రాయాలి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. బెంగళూరులోనే ఐఐఎస్‌సీ, జక్కూరులో జేఎన్‌సీఏఎస్‌ఆర్ (జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రం), ఎండోసైటోసిస్‌పై ఏళ్లుగా పనిచేస్తున్న ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) ఉన్నాయి. గైడును ఎంచుకునే ముందు ఆ ల్యాబులో కణాల పని ఎవరు చేస్తారో అడగాలి. బయటి వాళ్లకు పంపిస్తామంటే ఆమె నేర్చుకునేది సగమే.

ఉద్యోగాల మాట: బంగారు రేణువులపై మందు మోసే ఔషధానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇంకా రాలేదు. కంపెనీల్లో అవకాశాలు లిపిడ్ (కొవ్వు) రేణువుల వైపు ఎక్కువ. లోపలికి వెళ్లిందా, ఏ దారిన వెళ్లిందని తేల్చే నేర్పు అక్కడా అంతే పనికొస్తుంది.