ఉంగరపు వేలు పొడవుగా ఉంటే హార్మోన్ల తేడా ఉన్నట్టేనా?

మీ పాపకు చూపుడు వేలి కన్నా ఉంగరపు వేలు పొడవుగా ఉందని, తను కడుపులో ఉన్నప్పుడు టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ ఎక్కువైందేమోనని అడిగారు. టెన్షన్ పడకండి. ఆడవాళ్లలో అలాంటి చేతులు బోలెడు. సగటున మగవాళ్లలో ఈ తేడా కాస్త ఎక్కువ, అంతే.

విషయం పూర్తిగా గాలి మాటేం కాదు. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో, ఎలుక పిండాల వెనక పాదాల నాలుగో వేలిలో టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజన్ (స్త్రీ హార్మోన్) గ్రాహకాలు, అంటే ఆ హార్మోన్లను అందుకునే ప్రోటీన్లు, రెండో వేలిలో కన్నా ఎక్కువగా కనిపించాయి. టెస్టోస్టెరాన్ పనిచేస్తే అక్కడ ఎముకగా మారాల్సిన మృదులాస్థి కణాలు ఎక్కువగా పెరుగుతాయి, ఈస్ట్రోజన్ పనిచేస్తే తగ్గుతాయి. కానీ ఒక్కరి వేళ్లు చూసి హార్మోన్ లెక్క చెప్పలేం. వేళ్లను బట్టి స్వభావం చెప్పే వీడియోలా? అవి చిలక జోస్యమే!

కొలవాలనిపిస్తే అరచేతి వైపు, వేలి మొదట్లోని గీత నుంచి కొస దాకా కొలవండి. గోరు లెక్కలోకి రాదు.