నాన్నకు పెద్దపేగు క్యాన్సర్, మేనత్తకు గర్భాశయ క్యాన్సర్... నాకు ఏ పరీక్షలు అవసరం?

ప్రశ్న: నా వయసు 34. మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నగారు 46వ ఏట పెద్దపేగు క్యాన్సర్‌తో చనిపోయారు. మేనత్తకు 49 ఏళ్లప్పుడు గర్భాశయ క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్ తర్వాత బాగానే ఉన్నారు. ఆవిడ కూతుర్నే నేను పెళ్లి చేసుకున్నాను. నాలుగేళ్ల పాప ఉంది. కారం, పచ్చళ్లు ఎక్కువ తినడం వల్లే ఇలా జరిగిందని ఇంట్లో అంటున్నారు. నాకు ఏ బాధా లేదు గానీ టెన్షన్‌గా ఉంది. జీన్ టెస్ట్ చేయించుకోవాలా?

జవాబు: కారం సంగతి పక్కన పెట్టండి. అన్నాచెల్లెళ్లలో ఒకరికి పెద్దపేగులో, ఒకరికి గర్భాశయంలో, అదీ 50 ఏళ్లలోపే క్యాన్సర్ వచ్చిందంటే నాకు ముందు గుర్తొచ్చేది లించ్ సిండ్రోమ్, అంటే పేగు, గర్భాశయ క్యాన్సర్ల ముప్పును పెంచే వంశపారంపర్య జన్యులోపం. మీ ఇంట్లో ఉన్నది అదేనని ఇప్పుడే చెప్పలేను, కానీ తేల్చుకోకుండా వదిలేయకూడదు.

ఈ పేరు హెన్రీ లించ్ అనే అమెరికా డాక్టర్‌ది. 1960ల మొదట్లో ఒమాహాలో ఆయన శిక్షణలో ఉన్నప్పుడు తాగుడుకు బానిసైన ఒక రోగి వచ్చాడు. ఎందుకు తాగుతున్నావంటే, మా వాళ్లందరూ పేగు క్యాన్సర్‌తోనే పోయారు, నేనూ అలాగే పోతాను అన్నాడు. లించ్ ఆ మాటను కొట్టిపారేయలేదు. ఆ కుటుంబంలో ఎవరికి, ఏ వయసులో, ఏ క్యాన్సర్ వచ్చిందో బంధువులను అడిగి వంశవృక్షం గీశారు. అలాంటి రెండు పెద్ద కుటుంబాల వివరాలు 1966లో ప్రచురించారు. అప్పట్లో చాలామంది శాస్త్రవేత్తలు నమ్మలేదు, ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే తిండి తింటారు, అందుకే వచ్చి ఉంటుందన్నారు (మీ ఇంట్లో వాళ్లు ఇప్పుడు అంటున్నట్టే). పరిశోధనకు నిధుల దరఖాస్తులు మళ్లీమళ్లీ తిరస్కరించారు, అయినా ఆయన కుటుంబాల వెంట తిరగడం మానలేదు. చివరికి 1993లో ఎమ్‌ఎస్‌హెచ్2, మరుసటి ఏడాది ఎమ్‌ఎల్‌హెచ్1 అనే జన్యువులు దొరికాయి. కణం విడిపోయేటప్పుడు డీఎన్‌ఏ నకలులో పడే అచ్చుతప్పులను దిద్దే జన్యువులివి. వీటిలో పుట్టుకతోనే లోపం ఉంటే తప్పులు పేరుకుపోయి చిన్న వయసులోనే క్యాన్సర్ రావచ్చు. లించ్ 2019లో, 91 ఏళ్ల వయసులో చనిపోయారు. నేను ఈ రోజు మీకు ధైర్యంగా సమాధానం చెప్పగలుగుతున్నానంటే ఆయన పట్టుదలే కారణం.

ఇక మీ విషయం. టెస్ట్ మీతో కాదు, మీ మేనత్తతో మొదలుపెట్టాలి. క్యాన్సర్ వచ్చిన మనిషిలో లోపం ఏ జన్యువులో ఉందో దొరికితే మీకు, మీ భార్యకు, ఇంకా తోబుట్టువులు ఉంటే వాళ్లకు ఆ ఒక్కదాన్నే చూస్తే సరిపోతుంది. అలాకాక ముందు మీరు చేయించుకుని నెగెటివ్ వస్తే, కుటుంబంలో లోపమే లేదా, ఉన్నా మీకు రాలేదా అన్నది తేలదు. ఆవిడ ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి ల్యాబ్‌లో కణితి ముక్కను మైనపు దిమ్మలో భద్రపరిచి ఉంటారు, దాన్ని బ్లాక్ అంటారు. దానిమీద, ఆ దిద్దే జన్యువులు తయారుచేసే ప్రొటీన్లు ఉన్నాయో లేవో చూసే ఐహెచ్‌సీ అనే పరీక్ష చేయమనండి, తేడా కనిపిస్తే రక్తంతో జీన్ టెస్ట్. నాన్నగారి బ్లాక్ దొరికినా చాలా ఉపయోగం.

తల్లిదండ్రుల్లో ఒకరికి లోపం ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. నాన్నగారికి, మేనత్తకు వచ్చిన జబ్బుకు మీ మేనరికంతో సంబంధం లేదు, ఎవరూ ఆ నింద మోయక్కర్లేదు. కానీ మీ ఇద్దరికీ అదే లోపం ఉందని తేలితే మాత్రం పాప గురించి జెనెటిక్ కౌన్సెలర్‌తో తప్పకుండా మాట్లాడాలి, ఎందుకంటే రెండు వైపుల నుంచీ లోపం వచ్చిన పిల్లల్లో చిన్నప్పుడే మెదడు, రక్త క్యాన్సర్లు వచ్చే ప్రమాదం ఉంటుంది. మీలో ఒక్కరికే ఉంటే పాపకు ఇప్పుడు ఏ టెస్టూ అక్కర్లేదు, పెద్దయ్యాక తనే నిర్ణయించుకుంటుంది.

జీన్ రిపోర్ట్ కోసం ఆగకుండా మీరు ఈ నెలలోనే కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోండి. లోపం ఉందని తేలితే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేయించుకుంటూ ఉండాలి. పాలిప్స్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న గడ్డలు) కనిపిస్తే అప్పుడే తీసేస్తారు, అంటే క్యాన్సర్ కాకముందే అడ్డుకున్నట్టు. మీ భార్యకూ తేలితే ఇదే పద్ధతి, పైగా నెలసరి మధ్యలో రక్తం కనిపించినా, నెలసరిలో మరీ ఎక్కువ పోతున్నా వెంటనే గైనకాలజిస్టును కలవాలి. పాప్ స్మియర్ నార్మల్‌గా ఉందని ఊరుకోవద్దు, అది గర్భాశయ ముఖద్వారం కోసం చేసే పరీక్ష. మేనత్తకు గర్భాశయం తీసేసినా పేగు పరీక్ష చాలా ముఖ్యం, ఈ మాట ఆవిడకు తప్పకుండా చెప్పండి.

ఆస్పిరిన్ వాడితే లించ్ ఉన్నవాళ్లలో పేగు క్యాన్సర్ తగ్గుతుందని క్యాప్2 అనే పెద్ద అధ్యయనంలో తేలింది, కానీ అల్సర్, రక్తస్రావం ప్రమాదాలు ఉన్నాయి కాబట్టి సొంతంగా మొదలుపెట్టకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నాన్నగారి, మేనత్త బయాప్సీ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీలు తీసుకెళ్లండి. తాతయ్య, నానమ్మ, వాళ్ల తోబుట్టువుల్లో ఎవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారో మేనత్తను అడిగి ఒక కాగితం మీద రాసుకుని అదీ చూపించండి.