బుజ్జమ్మకు, చెరువు సంగతి

గుంటూరు
ఆదివారం రాత్రి

బుజ్జమ్మా,

మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ కూతురు కలెక్టరాఫీసు ముందు టెంటు వేస్తుందట, చెరువు పూడ్చనివ్వదట, నువ్వైనా కాస్త గడ్డి పెట్టక్కా" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేసి ఎదురింటావిడతో మాత్రం "మా పిల్ల చెరువు కోసం ధర్నాకు కూర్చుంటోంది" అని గొప్పలు పోయాను. రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు తేలిక పనులు. ఆర్.ఎస్.ఆర్.లో, అదే పాత భూముల రిజిస్టరులో, ఆ సర్వే నంబరు చెరువు పోరంబోకని ఉందో లేదో చూడు. ఎఫ్.ఎం.బి., అంటే ఆ భూమి కొలతల పటం, నకలు తీసుకో. ఇవ్వబోమంటే సమాచార హక్కు కింద అడుగు, 30 రోజుల్లో జవాబివ్వాలి. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే, నీ కాపీ మీద స్టాంపూ తేదీ పడందే మెట్లు దిగకు. బ్రాడీపేటలో ఇన్నేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినదాన్ని, రసీదు లేని అర్జీల్లో బజ్జీలు కట్టించుకుని తిన్నదాన్ని. వకీలు దగ్గరికి మాత్రం ఆలస్యం చేయొద్దు. పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే ఆరు నెలల గడువు, మన వైపు కేసులు చూసే బెంచి చెన్నైలో ఉంది. ఊరుమ్మడి చెరువులూ భూములూ ఆక్రమించినవాళ్ళను ఖాళీ చేయించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలుకు తెలిసే ఉంటుంది, అయినా నువ్వు గుర్తు చెయ్యి.

ఇక అసలు సంగతి. మీ కుర్రాళ్ళు వచ్చే ఆదివారం చెరువులో శ్రమదానం అని బ్యానరు కట్టారట. ఆపించు. కోప్పడైనా ఆపించు. ఎందుకో చెబుతాను, మీ అమ్మ నీకెప్పుడూ చెప్పి ఉండదు.

మీ అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు కల్యాణ మండపం బళ్ళు ఆగేచోట ఒకప్పుడు చెరువుండేది. 1998లో దాన్ని పూడ్చి దుకాణాలు కడతామన్నారు. మేం పదిహేను మందిమి అడ్డం తిరిగాం. అర్జీలన్నీ నేనే టైపు కొట్టాను. సంక్రాంతి వెళ్ళిన వారానికి పెద్దాఫీసరు స్వయంగా చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. చెరువేమో సగం సర్కారు తుమ్మ, మిగతా సగం గుర్రపుడెక్క. ఈ కంప చూస్తే బంజరనుకుంటాడు, నాలుగు రోజుల్లో అద్దంలా చేద్దాం అన్నాను. అన్నది నేనే, ఇంకెవరూ కాదు. కొడవళ్ళు, గొడ్డళ్ళు పోగుచేసింది నేను, టీలు పెట్టించింది నేను. మగపిల్లలు నడుంలోతు నీళ్ళలో దిగి తుమ్మలు నరికారు. తొమ్మిది ట్రాక్టర్ల కంప గట్టుకెక్కింది.

ఆ తుమ్మల మీదే ఎర్రకాళ్ళ కొంగల గూళ్ళున్నాయి. ఉన్నాయని మాకు తెలుసు. ఎగిరిపోయి ఇంకోచోట కట్టుకుంటాయిలే అనుకున్నాం. పెద్దవి ఎగిరాయి, పిల్లలెలా ఎగురుతాయి? ఇంకా ఈకలు నిండని పిల్ల ఒకటి నా చెప్పు పక్కనే పడి నోరు తెరిచింది. సగం అరిగిన చేపను కక్కింది. ఇంటికి తీసుకొచ్చి బుట్ట కింద పెట్టి రెండు రోజులు చేపముక్కలు వేశాను. మూడోరోజు పొద్దున బుట్ట ఎత్తింది మీ అమ్మ. నేను దొడ్లోకే వెళ్ళలేదు.

ఆఫీసరు వచ్చాడు, చూశాడు, మాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు. రిపోర్టులో "పక్షుల గూళ్ళు లేవు, మామూలు నీటిగుంట" అని రాశాడు. అందులో ఆయన తప్పేముంది, ఆ రోజుకి లేవు కదా. ఆ రిపోర్టు కోర్టులో పెట్టడానికి నకళ్ళు కావాలని వకీలు నా దగ్గరికే పంపించాడు. నాలుగు కార్బన్లు పెట్టి ఆ ముక్క నేనే కొట్టాను.

ఒకసారి ఉప్పలపాడు వెళ్ళి చూసిరా. మనకు పక్కనేగా. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ కిక్కిరిసి ఉండేది ఆ పనికిరాని సర్కారు తుమ్మల మీదే. రెట్టల కంపు ముక్కులు బద్దలు కొడుతుంది, అయినా ఊరివాళ్ళు ఆ పక్షుల్ని కాచుకుంటున్నారు. మీ చెరువును కూడా ఉన్నది ఉన్నట్టు ఉంచండి, మురికిగానే ఉండనీ. ఒక నోటుబుక్కు పెట్టి ఏ తేదీన, ఎన్నింటికి, ఏ పిట్ట, ఎన్ని గూళ్ళు రోజూ రాయించు. నీళ్ళున్నప్పుడే ఫొటోలు తీయండి, మే నెలలో తీస్తే అది మైదానంలా కనిపిస్తుంది.

ఆఫీసర్ల దగ్గర మాత్రం కొంగల మాటతో మొదలుపెట్టకు, నవ్వుతారు. బెజవాడ బుడమేరు వరద మాట ఎత్తు. 2024 సెప్టెంబరులో అక్కడి సింగ్ నగర్‌లో జనం మేడల మీదికెక్కి పాల ప్యాకెట్ల కోసం చేతులు చాపారు. వాననీళ్ళకు చోటు లేకుండా చేస్తే మన కాలనీలోనూ అంతేనని చెప్పు. గుంట ఊరే గుంటూరు అయిందంటారు, అలాంటి ఊళ్ళో గుంటల్ని పూడ్చుకుంటున్నాం!

ఇంకొకటి. రాత్రిపూట మట్టి ట్రాక్టర్లు వచ్చాయని ఎవరైనా ఫోన్ చేస్తే ఒక్కదానివీ వెళ్ళకు. జేసీబీకి అడ్డంగా నిలబడకు. దూరం నుంచి వీడియో తీయండి, చాలు. శ్రీకాకుళం జిల్లా సోంపేట నాకు కళ్ళముందే ఉంది. 2010 జులై 14న అక్కడి బీల తంపర భూముల్లో, అంటే నీళ్ళు నిలిచే చిత్తడి నేలల్లో, థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు పోయారు. ఆ రోజే ఢిల్లీలో ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది. టీవీలో రెండు వార్తలూ ఒకేసారి చూశాను. అప్పట్నుంచి ఎక్కడ ధర్నా అన్నా నాకు చేతులు చల్లబడతాయి. పిరికిదాన్ననుకో, ఫర్వాలేదు. బైండోవర్ అంటూ, అంటే గొడవ చేయనని పూచీ రాసివ్వమంటూ, స్టేషన్‌కు పిలిస్తే వకీలు లేకుండా దేనిమీదా సంతకం పెట్టకు.

టెంటులో ఖాళీ కడుపుతో కూర్చోకు, నీకు అసలే గ్యాస్. చిన్నాణ్ణి నా దగ్గర దించెయ్యి, స్కూలుకు నేను తీసుకెళ్తాను.

బుధవారం పొద్దున నేనూ వస్తున్నాను. మీ అమ్మకు చెప్పకు. కింద కూర్చుంటే మోకాళ్ళు లేవనివ్వవు, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించు. నీడపట్టునే సుమా.

మీ పెద్దమ్మ