జంబో అంటే ఎంత పెద్దది?

ప్రశ్న: నమస్తే సార్. మా పాప డిగ్రీ సెకండియర్, బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి పోతా ఉంది. బ్రహ్మోత్సవాల మీద ఇంగ్లిష్ ఎస్సే రాస్తా గరుడ సేవకి ‘జంబో క్రౌడ్’ వచ్చిందని రాసిందంట, వాళ్ళ సారు ఎర్ర పెన్నుతో కొట్టేసినాడు. పేపర్లో జంబో కమిటీ, జంబో లిస్టు అని వేస్తానే ఉంటారు కదా, మరి ఇది తప్పెట్లయింది? అసలా మాట ఎక్కడిది?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ సారు కొట్టేయడం కరెక్టే, కాకపోతే ఎందుకు కొట్టేసినాడో కూడా ఒక ముక్క చెప్పుంటే బాగుండేది. జంబో అంటే పెద్దదే, కానీ దేన్ని పడితే దాన్ని జంబో అనరు. ఆ వస్తువుకి మామూలు సైజు ఇంత అని జనానికి ముందే తెలిసుండాల, అదే వస్తువు ఇంకా పెద్ద సైజులో దొరకాల, అప్పుడు ఆ పెద్దది జంబో. జంబో ప్యాక్, జంబో రొయ్యలు, ఇంజనీరింగ్ పిల్లలు డ్రాయింగులకి తీయించే జంబో జెరాక్సు, అన్నీ ఈ లెక్కే. మన తిరుపతోళ్ళకి ఇంకా తేలిగ్గా అర్థం కావాలంటే లడ్డూ చూడండి, చిన్న లడ్డూ 175 గ్రాములు, కల్యాణం లడ్డూ దానికి దాదాపు నాలుగింతలు, గ్రామర్ ప్రకారం అది జంబో లడ్డూనే. (కానీ ప్రసాదాన్ని జంబో అనడం నాకైతే నచ్చదు, ఆ మాటలో అంగడి వాసన ఉంటుంది, అందుకే మన ఊళ్ళో ఎవరూ అట్లా అనరు, కల్యాణం లడ్డూ అనే అంటారు.)

ఇప్పుడు పాప రాసింది చూద్దాం. జనానికి సైజులు కట్టి పెట్టలేం కదా, అందుకని అక్కడ హ్యూజ్ క్రౌడ్ అని రాయాల, ఎనార్మస్ అన్నా పర్లేదు. శేషాచలం కొండల్ని జంబో హిల్స్ అంటే నవ్వుతారు. ప్రాబ్లం, లాస్, సక్సెస్ లాంటి కంటికి కనపడని వాటికీ హ్యూజే, జంబో కుదరదు. ఇంకోటి, జంబో ఎప్పుడూ నౌన్‌కి ముందే వస్తుంది, జంబో బ్యాగ్ అనొచ్చు గానీ ద బ్యాగ్ ఈజ్ జంబో అంటే వినడానికి ఎట్లనో ఉంటుంది. పైగా అది కొంచెం సరదా మాట, ప్రకటనల మాట, పరీక్ష పేపర్లో దూరంగా పెట్టడమే మంచిది. పన్లో పని, వెరీ హ్యూజ్ అని కూడా రాయొద్దని చెప్పండి పాపకి, హ్యూజ్‌లోనే ‘చాలా’ ఉంది, మళ్ళీ వెరీ తగిలిస్తే బ్యాంకు పరీక్షలో ఎర్రర్ స్పాటింగ్ కింద మార్కు పోతుంది.

ఇంక ఆ మాట ఎక్కడిదంటే, అది ఒక ఏనుగు పేరమ్మా. ఆఫ్రికాలో గున్నగా ఉన్నప్పుడే పట్టుకుని యూరప్ తెచ్చినారు, ప్యారిస్ జూలో కొన్నాళ్ళుండి 1865లో లండన్ జూకి వచ్చింది. అక్కడ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిప్పేది, అందుకని ఊరంతా దానికి ఫ్యాన్సే. 1882లో జూ వాళ్ళు దాన్ని 2,000 పౌండ్లకి అమెరికా సర్కస్ ఓనరు బార్నమ్‌కి అమ్మేసినారు, అమ్మొద్దని పిల్లలు విక్టోరియా రాణికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినా పని జరగలేదు. బార్నమ్ పబ్లిసిటీలో ఘనుడు, దాని ఎత్తు పదిన్నర అడుగులైతే ఇంకా చాలా ఎక్కువే చెప్పుకునేవాడు, ఊరూరా పోస్టర్లు వేయించినాడు, అంగళ్ళోళ్ళు కూడా ఆ పేరు వాడుకోవడం మొదలుపెట్టినారు, అట్ల ఒక జంతువు పేరు కాస్తా సైజు పేరైపోయింది. పాపం ఆ ఏనుగు 1885లో కెనడాలో రైలు గుద్ది చచ్చిపోయింది. అంతకు ముందు కూడా జంబో అనే మాట ఉంది లెండి, 1823 నాటికే లండన్ వీధి భాషలో లావుగా మొద్దుగా ఉండేవాళ్ళని అట్లా పిలిచేవాళ్ళు, కానీ ప్రపంచమంతా తిరిగింది మాత్రం ఏనుగు వల్లే.

తర్వాత విమానం. బోయింగ్ 747 మొదట ఎగిరింది 1969లో, జనం దాన్ని జంబో జెట్ అన్నారు. ఎయిర్ ఇండియాకి 1971లో వచ్చిన మొదటి 747 పేరు ఎంపరర్ అశోక. మన కుంబ్లేని జంబో అనేది కూడా ఆ విమానం లెక్కనే, స్పిన్నరే గానీ బంతి అంత స్పీడుగా లేస్తుందని.

పేపర్లోళ్ళ జంబో మాత్రం వేరే రుచి. అందులో ఎగతాళి కలిసుంటుంది, ఇంతమంది అవసరమా అని. ఉత్తరప్రదేశ్‌లో 1997లో కల్యాణ్ సింగ్ 93 మంది మంత్రులతో కేబినెట్ పెట్టినారు, అదీ అసలైన జంబో కేబినెట్. ఇట్లాంటివి వద్దనే 2003లో 91వ రాజ్యాంగ సవరణ చేసి మంత్రులు సభ బలంలో 15 శాతం దాటకూడదన్నారు, అందుకే 175 సీట్లున్న మన రాష్ట్రంలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందే. కమిటీలకి అట్లాంటి లిమిట్ ఏమీ లేదు కాబట్టి పేపర్లోళ్ళకి ఆ మాటతో పని తీరలేదు.

ప్రశ్న: జంబో అనేది మన జంబూద్వీపంలో నుంచే ఇంగ్లిష్‌లోకి పోయిందని మా ఫ్రెండు వాదిస్తా ఉన్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: కాదు. జంబూ అంటే నేరేడు చెట్టు, అంతే. మీ ఫ్రెండు చేతికి ఇంకో ఆయుధం నేనే ఇస్తా, తిరుచ్చి దగ్గర జంబుకేశ్వరంలో జంబూ వృక్షమూ ఉంది, స్వామిని పూజించిన ఏనుగు కథా ఉంది, మన శ్రీకాళహస్తిలో సాలెపురుగు, పాము, ఏనుగు కథ లాగే. రెండూ పంచభూత లింగ క్షేత్రాలే, అది జలం, ఇది వాయువు. అయినా లండన్ ఏనుగుకీ వీటికీ చుట్టరికం లేదు, ఊరికే కలిసొచ్చిన శబ్దం. ఇంతకీ పలమనేరులో ఉండి ఏనుగుల గురించి నన్నడుగుతున్నారా, కౌండిన్య అడవిలో నుంచి రాత్రిళ్ళు చేన్ల మీద పడేవి మీకు తెలియనివా!

ప్రశ్న: మంబో జంబో అంటే చాలా పెద్ద జంబో అనా?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: దానికీ సైజుకీ సంబంధం లేదు నాయనా. అర్థం పర్థం లేని మాటలు, వినేవాళ్ళని తికమక పెట్టే మాటలు, వాటినే మంబో జంబో అంటారు. పశ్చిమాఫ్రికా పోయొచ్చిన ఇంగ్లిష్ వాళ్ళ రాతల్లో ఆ మాట 18వ శతాబ్దంలోనే ఉంది, అంటే మన ఏనుగు పుట్టక ముందే. లోన్ కాగితాల వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు, దానికి భేషుగ్గా సరిపోతుంది.