కరెంటు పోయి వస్తే స్టాక్‌కి పెద్ద మారిపోతోంది

ప్రశ్న: మా ఆఫీసులో రెండు సిస్కో క్యాటలిస్ట్ 3850 నెట్‌వర్క్ స్విచ్‌లు స్టాక్ చేశాం, అంటే కేబుళ్లతో కలిపి ఒకే స్విచ్‌లా నడుపుతున్నాం. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి పైది, ఒక్కోసారి కిందది యాక్టివ్ (స్టాక్ మొత్తాన్ని నడిపే పెద్ద) అవుతోందండీ. మూడోది కూడా కలపాలి. ఎలా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రెండింటికీ ప్రయారిటీ (పెద్దను ఎంచుకునేటప్పుడు చూసే ప్రాధాన్య సంఖ్య) 1 అలాగే వదిలేసి ఉంటారు. అప్పుడు ముందు లేచిన స్విచ్‌దే పెత్తనం. వేర్వేరు యూపీఎస్‌ల మీద ఉంటే ఇది తప్పదు. 'స్విచ్ 1 ప్రయారిటీ 15' అని కమాండ్ ఇచ్చి, రెండోదానికి 14 ఇవ్వండి. వెంటనే మార్పు కనిపించదు, స్విచ్‌లు పెద్దను ఎంచుకునే తర్వాతి ఎన్నికలోనే వర్తిస్తుంది. 120 సెకన్లు దాటి లేచిన స్విచ్ ఆ ఎన్నికలో ఉండదు కాబట్టి రెండింటికీ ఒకేసారి కరెంటు అందేలా చూడండి.

మూడోదాన్ని ఆన్‌లో ఉంచి కేబుల్ పెట్టకండి. రెండు స్టాక్‌లు కలిసినట్టు లెక్కగట్టి, ఓడిన వైపు రీలోడ్ అయిపోతుంది. ముందు దాన్ని విడిగా ఆన్ చేసి ఐఓఎస్ (స్విచ్ సాఫ్ట్‌వేర్) వెర్షన్, లైసెన్స్ స్థాయి పాతవాటితో సరిచూడండి. పాత కాన్ఫిగరేషన్ చెరిపి, నంబరు 3గా మార్చి ఆపేయండి. ఇప్పుడు స్టాక్‌లో ఒక్క కేబులే తీయండి, రెండోది స్టాక్‌ని నిలబెడుతుంది. కొత్తదాన్ని ఆ ఖాళీలో కలిపి రింగ్ (కేబుళ్ల వలయం) పూర్తిచేశాకే ఆన్ చేయండి. పైనుంచి కిందికి వెళ్లే కేబుల్‌కి 50 సెంటీమీటర్లు చాలకపోతే 1 మీటరుది తెప్పించండి.

కనెక్టర్ మీది సిస్కో ముద్ర పైకి ఉండాలి, రెండు స్క్రూలూ చేత్తోనే బిగించాలి. సగమే దిగిన కనెక్టర్ చూడ్డానికి బాగానే ఉంటుంది, రింగ్ మాత్రం తెగే ఉంటుంది. 'షో స్విచ్ స్టాక్-పోర్ట్స్'లో అన్నీ ఓకే అని, 'షో స్విచ్'లో మూడూ రెడీ అని రావాలి. వెర్షన్ మిస్‌మ్యాచ్ అంటే సాఫ్ట్‌వేర్ తేడాయే, కేబుల్‌ని అనుమానించకండి.