సమీక్షా, విమర్శా, సమాలోచనా?

సందేహం: బరంపురంలో మిత్రులం కొందరం పాత తెలుగు సినిమాలను మళ్ళీ చూసి, వాటిమీద వ్యాసాలు రాసుకుంటున్నాం. ఇక్కడి ఒడియా పత్రికలు ఇటువంటి రచనను 'సమాలోచన' అంటాయి గనుక నేను కూడా 'మాయాబజార్ – ఒక సమాలోచన' అని పేరు పెట్టాను. శ్రీకాకుళంలో ఉన్న మా బంధువొకరు అది చూసి, సమాలోచన అంటే నలుగురు కూర్చుని మంతనమాడడమే గాని సినిమా మీద రాసే రాత కాదన్నారు. 'విమర్శ' అందామంటే సినిమాను తిట్టాననుకుంటారేమో. 'సమీక్ష' చిన్న మాటగా తోస్తోంది. 'పునర్మూల్యాంకనం' అనవచ్చునా? – ఒక పాఠకుడు, బరంపురం

సమాధానం: తెలుగు వాడుకను బట్టి మీ బంధువు చెప్పినది సరైన మాటే. అయినా మీరు రాసినదాన్ని తప్పని కొట్టివేయడానికి నాకు మనసొప్పదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు పిల్లలు ఎందరో బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు నేర్చుకుంటూ పెరుగుతారు గనుక, ఒకే సంస్కృత పదం రెండు అర్థాలతో వారి దగ్గరకు వస్తుంది. ఒడియాలో విచారమంటే తీర్పు, న్యాయనిర్ణయం, తెలుగులో దుఃఖం. ఒడియా సమాలోచన గుణదోషాలను తేల్చి చెబుతుంది. తెలుగు సమాలోచన నాయకుల ఇళ్ళలో జరుగుతుంది. 'లోచృ దర్శనే' అన్న ధాతువు నుంచి వచ్చిన మాట గనుక, అన్ని వైపుల నుంచీ చక్కగా చూడడమని చెప్పుకుంటే మీ శీర్షికకు వ్యాకరణం అడ్డు రాదు, పాఠకుడి అలవాటే అడ్డు వస్తుంది. మీ వ్యాసం మీ ఊరివారి కోసమే అయితే ఆ పేరు ఉండనివ్వండి. సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటి వెళ్ళేదైతే మార్చడం మేలు.

సమీక్షను చిన్న మాట అనుకోనక్కర లేదు. 'ఈక్ష దర్శనే' ధాతువుకు 'సమ్' చేరితే సమీక్షకుడు, 'ప్ర' చేరితే ప్రేక్షకుడు. కొత్త సినిమా వచ్చిన వారంలో, కథ గుట్టు బయటపెట్టకుండా, చూడదగినదో కాదో తెలిపే రచనకు ఆ పేరు చక్కగా అతుకుతుంది.

ఇక విమర్శ. ఈ మాటకు మనవాళ్ళు చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. దీనికి మూలం 'మృశ ఆమర్శనే' అన్న ధాతువు. దానికి తాకడం, తడమడం అని అర్థం. కంటితో చూసి ఊరుకోక, చేత తడిమి దాని గట్టిదనాన్నీ మెత్తదనాన్నీ తెలుసుకోవడం విమర్శ. ఈ ధాతువుకే 'పరా' చేరితే పరామర్శ అవుతుంది. కష్టంలో ఉన్నవారిని పలకరించడానికి మనం ఆ మాటను వాడుతున్నాం గాని, తర్కశాస్త్రంలో అది అనుమితికి, అంటే తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని ఊహించి తేల్చడానికి, దారితీసే జ్ఞానం. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దానికి నిర్వచనం చెప్పాడు. రూపకంలోని, అంటే నాటకంలోని, కథను విభజించే అయిదు సంధులలో నాలుగోదానికి నాట్యశాస్త్రజ్ఞులు విమర్శ అనీ, అవమర్శ అనీ పేరు పెట్టారు. ఫలం చేతికి అందబోయే వేళ ఆటంకం వచ్చిపడి, నాయకుడు నిలిచి ఆలోచనలో పడే ఘట్టమది. లలితా సహస్రనామం చదివే ఇళ్ళలో అమ్మవారిని 'విమర్శరూపిణీ' అని రోజూ కొలుస్తున్నారు. ఇంతటి మాటను పత్రికలవారు 'విమర్శలు గుప్పించారు', 'విమర్శనాస్త్రాలు సంధించారు' అంటూ తిట్టుకు మారుపేరుగా దిగజార్చారు. ఆ తరువాత మెచ్చుకోలు కోసం 'సద్విమర్శ' అని మరొక మాట కల్పించుకోవలసి వచ్చింది. మంచీ చెడూ రెండూ విమర్శలోనే ఉండగా దానికి ముందు 'సత్' చేర్చడం అనవసరం. కట్టమంచి రామలింగారెడ్డిగారు తమ గ్రంథానికి 'కవిత్వతత్త్వవిచారము' అని పేరు పెట్టిననాడు విచారానికి ఆలోచించి తేల్చడమన్న అర్థం ఇంకా నిలిచి ఉంది. నేటి విద్యార్థికి ఆ పేరు వినగానే దుఃఖం స్ఫురిస్తుంది. విమర్శకు కూడా ఆ గతి పట్టకూడదంటే, మీవంటివారు భయపడి దాన్ని విడిచిపెట్టకుండా అసలు అర్థంలో వాడుతూ ఉండాలి.

ఈ పనికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన తెలుగు మాట మాత్రం నన్నయగారి భారతం అవతారికలో ఉంది.

సారమతిం గవీంద్రులు ప్రసన్నకథాకలితార్థయుక్తి లో
నారసి మేలు నా, నితరు లక్షరరమ్యత నాదరింప...

'కలితార్థ' అనీ 'కవితార్థ' అనీ పాఠభేదమున్నది, ఇప్పుడు దాని జోలికి పోను. నా మనసు ఎప్పుడూ 'లోన్ ఆరసి' అన్నచోట ఆగుతుంది. ఆరయు అంటే పరికించు, వెదకు, విచారించు. లోన ఆరయడమంటే పైకి కనబడేదాన్ని దాటి, కథకూ అర్థానికీ ఉన్న పొందికను పట్టుకోవడం. ఆ తరువాతనే 'మేలు' అనాలి. ఆరయకుండా అన్న 'మేలు'కు ఈ పద్యంలో చోటు లేదు. అట్లాగని అక్షరరమ్యతను, అంటే మాటల కూర్పులోని సొగసును, ఆదరించే 'ఇతరుల'ను నన్నయగారు చిన్నబుచ్చనూ లేదు. కవీంద్రులతో పాటు వారిని కూడా ఒకే పద్యంలో, ఒకే వాక్యంలో కూర్చోబెట్టారు. విమర్శ రాసేవారికి ఇంతకన్నా మంచి పాఠం తెలుగులో మరొకటి ఉన్నదని నేననుకోను.

మీరు ఎంచుకున్న మాయాబజార్ (1957) నే తీసుకోండి. శశిరేఖ పెళ్ళి కథ వ్యాసభారతంలో లేదు, నన్నయాదుల భారతంలోనూ లేదు. అది జనం నోటా, నాటకాలలోనూ పెరిగిన కథ. దర్శకులు కె.వి. రెడ్డిగారు, రచయిత పింగళి నాగేంద్రరావుగారు దాన్ని తెరమీదికి తెచ్చినప్పుడు పాండవులు అయిదుగురినీ ఒక్కసారి కూడా చూపలేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ వెన్నెలను, ఘంటసాల గళాన్ని, ఎస్.వి. రంగారావు ఠీవిని మెచ్చుకుంటే అక్షరరమ్యతను ఆదరించినట్టు. అది తప్పక చేయవలసిన పనే. పాండవులు కనబడకుండా పాండవపక్షపు కథ ఎట్లా నడిచిందని అడిగినప్పుడు లోన ఆరసినట్టు. వారు రాజ్యం పోగొట్టుకోవడంలోని కష్టం మనకు సుభద్ర పుట్టింట పడిన అవమానం ద్వారా బోధపడుతుంది. కలిమి ఉన్నప్పుడు ఇచ్చిన మాటను లేమి రాగానే మరచిన రేవతీ బలరాముల ఇంట్లో, భారతయుద్ధానికి కారణమైన దాయాదుల పోరు కాస్తా చెడిన మేనరికపు గొడవగా మారింది. అందుకే ఆ కథ మన పెళ్ళిళ్ళ ఇళ్ళలో జరిగినట్టే ఉంటుంది. మీ వ్యాసంలో ఇటువంటి ప్రశ్న ఒక్కటి ఉన్నా దాన్ని నిస్సంకోచంగా విమర్శ అనండి.

పాత చిత్రాలకే కాదు, కొత్తవాటికీ ఇదే కొలత. కేరాఫ్ కంచరపాలెం (2018) లో పాత్రలు మాట్లాడే ఉత్తరాంధ్ర తెలుగు మన సరిహద్దు ఇళ్ళలో వినబడేదానికి దగ్గర చుట్టం. దాన్ని 'యాస' అన్న ఒక్క మాటతో దాటవేయడం విమర్శ అనిపించుకోదు. ఏ పాత్ర నోట ఏ పలుకుబడి ఎందుకు వచ్చిందో, అది పుస్తకభాషలో ఉంటే ఆ ఘట్టం ఏమయ్యేదో చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి ఏ వాడుకభాష కోసం అంత పట్టుబట్టారో, ఆ భాషను తెరమీద విని కూడా దాని పనితనం పట్టించుకోకపోతే అది మన లోపమే అవుతుంది.

పునర్మూల్యాంకనం సంగతి. మూల్యమంటే వెల, అంకనమంటే గుర్తు వేయడం. పరీక్షల్లో జవాబు పత్రాలు దిద్దడానికి ఆ మాట స్థిరపడింది. మార్కులు చాలనివారు మళ్ళీ దిద్దించుకుంటే పునర్మూల్యాంకనం. అయిదు నక్షత్రాలలో ఒక సినిమాకు ఎన్నో లెక్కగట్టే అలవాటు ముదిరిన ఈ రోజుల్లో పాత సినిమాకూ వెల కట్టే మాటే దొరకడం నాకు బాధగా ఉంది. గుండమ్మ కథ (1962) లో గుండమ్మ కూతురు సరోజ గర్వం అణిగే ఘట్టాలకు ఒక తరం హాయిగా నవ్వింది. ఆమెను అట్లా లొంగదీయడం ఎంతవరకు న్యాయమని ఇప్పటి ఆడపిల్లలు అడిగితే అది అడగవలసిన ప్రశ్నే. అలా అడగడం గుండమ్మ వేషం వేసిన సూర్యకాంతంగారి నటనను తక్కువ చేసినట్టు కాదు, చిత్రానికి మార్కులు కోసినట్టూ కాదు. ఈ పనికి పునర్విమర్శ అనవచ్చు, పునఃపరిశీలన అనవచ్చు. రెండింటిలో నా మొగ్గు మొదటిదానివైపే గాని, విమర్శ అన్న మాట మీద జనానికి ఉన్న అపోహ పోయేదాకా రెండోది వాడేవారిని తప్పుపట్టను. పునర్మూల్యాంకనం అప్పుడే పత్రికల్లో పాతుకుపోయింది గనుక దోషమని తీర్పు చెప్పలేను, నేనైతే రాయను.

రాసితీరాలని మీకు ఉంటే మాత్రం కొందరు అచ్చువేస్తున్నట్టు 'పునఃమూల్యాంకనం' అని విసర్గతో రాయకండి. 'పునః' అన్నది నిజానికి రేఫాంతమైన, అంటే రకారంతో ముగిసే, అవ్యయం గనుక మకారం ముందు పునర్ అవుతుంది. పకారం ముందు విసర్గ నిలిచి పునఃపరిశీలన అవుతుంది.