చంద్రుడి కంటే ముందు ఏటిగట్టు

చిరంజీవి అమ్మడికి తాతయ్య దీవెనలు.

మేడ మీంచి లేజర్ కొట్టి చంద్రుడి దూరం కొలుస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. కాలేజీ సామాన్లతో అది కుదరదు తల్లీ. అమెరికాలో అపాచీ పాయింట్ దగ్గర మూడున్నర మీటర్ల టెలిస్కోపులోంచి పచ్చ లేజర్‌ను సెకనుకు 20 సార్లు పంపుతారు. ఒక్కో విడతకు కోట్లానుకోట్ల ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు, బయల్దేరితే తిరిగి చేతికందేది ఇంచుమించు ఒక్కటి. ఒక్కోసారి అదీ రాదు.

వెలుగు వెళ్లి రావడానికి పట్టే కాలాన్ని బట్టి దూరం కట్టే పద్ధతి నేర్చుకోవడానికి మాత్రం మన ఊరు చాలు. కోటిపల్లి రేవులో టోటల్ స్టేషన్, అంటే వెలుగు పంపి దూరం కొలిచే సర్వే మిషన్, పెట్టి నేను గౌతమిని కొలిచేటప్పుడు ముక్తేశ్వరం గట్టున మా వాడు పట్టుకునేది ప్రిజం. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద పెట్టిన పలకలోనూ అలాంటి గాజు మూలలే 100 ఉన్నాయి. ఎటునుంచి వచ్చిన వెలుగును అటే పంపుతాయి. మామూలు అద్దం కాస్త వంగినా వెలుగు ఎటో పోతుంది.

ముందు సున్నా తేల్చుకో. వైర్లలో, సర్క్యూట్‌లో ఒక్క నానోసెకను ఆలస్యమైనా దూరంలో 15 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. ఒకసారి నేను ప్రిజం మార్చి, దాని కాన్‌స్టెంట్, అంటే ఒక్కో ప్రిజానికి మిషన్‌లో సరిచేయాల్సిన అంకె, మార్చడం మర్చిపోయాను. ప్రతి కొలతలోనూ మూడు సెంటీమీటర్ల తేడా! ఆ గట్టంతా రెండు రోజులు మళ్లీ కొలిచాం. అప్పట్నుంచి పొద్దున్నే టేపుతో కొలిచిన దూరం మీద మిషన్‌ను సరిచూడనిదే పని మొదలుపెట్టలేదు. అపాచీ పాయింట్ వాళ్లు కూడా టెలిస్కోపు మీదే చిన్న ప్రిజం పెట్టుకుని, వెలుగు బయల్దేరిన క్షణాన్ని దాంతో పట్టుకుంటారు.

రెండోది, ఎప్పుడు చూడాలో తెలియాలి. వెలుగు చంద్రుడి దాకా వెళ్లి రావడానికి రెండున్నర సెకన్లు. సరిగ్గా ఆ వేళకే, తిరిగొచ్చిన వెలుగును పట్టే డిటెక్టర్ తెరుస్తారు, లేజర్ రంగును మాత్రమే వదిలే ఫిల్టర్ పెడతారు. లేకపోతే వెన్నెలే ముంచేస్తుంది. అలాంటి గాజు మూలల పలకే మోసుకుని 1970లో చంద్రుడి మీద దిగిన సోవియట్ బండి లునోఖోద్ 1 సుమారు నలభై ఏళ్లు దొరకనిది ఇందుకే: చోటు సరిగ్గా తెలియక వెలుగు ఎప్పుడొస్తుందో తెలియలేదు. చంద్రుడి చుట్టూ తిరిగే నౌక తీసిన ఫోటోల్లో దాని చోటు తెలిశాక, 2010లో వెలుగు తిరిగొచ్చింది.

నువ్వూ చీకటి పడ్డాకే కొలువు. ఒక్క రీడింగును నమ్మకు, వెయ్యి తీసుకుని గ్రాఫ్ గియ్యి. నీ వెలుగు కళ్లంలో రాశిలా ఒక్కచోట కుప్పపడుతుంది, మిగతాది పొట్టులా చెదిరిపోతుంది. టెంపరేచర్ కూడా రాసుకో. ఒక్క డిగ్రీ తేడాకు కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు మారుతుంది.

లేజర్‌ను ఆకాశంలోకి గానీ, పంటు మీద జనం వైపు గానీ తిప్పకు. కళ్లు పోతాయి. ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటకు.

సంక్రాంతి సెలవులకు వచ్చెయ్. ఏటిగట్టు మీద రెండొందల మీటర్లు తిన్నగా ఉన్న చోటు చూసిపెట్టాను. ఆ చివర ప్రిజం నేను పట్టుకుంటాను.

మీ తాతయ్య